గెలిచిన వాదం, దూరమైన అన్నయ్య

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా పాప బడిలో ఒడియా తీసుకుంది. టెక్కలిలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో, 'ఒడియా నేర్చుకుంటే తెలుగు పోతుంది. తాతగారి ఊళ్లో, మన ఇంట్లోనే తెలుగు చచ్చిపోతోంది' అని పెట్టాడు. ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా రావాలని, పాప ఇంట్లో తెలుగే మాట్లాడుతుందని వివరంగా మూడు మెసేజీలు రాశాను. 'నీకు మనసే లేదు' అన్నాడు. అప్పటినుంచీ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. భావోద్వేగంతో మాట్లాడేవాళ్ళకు తర్కం ఎలా ఎక్కించాలి?
– ఒక సోదరి

జవాబు: చెల్లెమ్మా, నేను బరంపురంలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. నాదీ మీ దారే.

అమ్మ పోయాక మా పాతిల్లు అమ్మాలా వద్దా అని మా గ్రూపులో వాదన వచ్చింది. రిపేర్ల ఖర్చు, వచ్చే అద్దె, అన్నీ లెక్కకట్టి పెట్టాను. మా తమ్ముడు 'పెరట్లో అమ్మ నాటిన ములగచెట్టు ఉంది కదక్కా' అని రాశాడు. 'ములగచెట్టుకి ఎవరూ ధర కట్టరు' అన్నాను. వాడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. వాదం గెలిచాననుకున్నాను. నాలుగు నెలల తర్వాత బస్సెక్కి పాతపట్నం వెళ్తే, 'అమ్మేద్దాం అక్కా, నీ లెక్క సరైనదే. అమ్మ గురించి ఒక్కళ్ళయినా ఒక్క మాట అంటారేమో అని చూశాను' అన్నాడు. నా లెక్కతో వాడికి పేచీయే లేదు. ఆ సంగతి ఆరోజు ఫోన్ చేసి ఉంటే పది నిమిషాల్లో తెలిసేది.

మీ అన్నయ్య పెట్టిన మెసేజీ మళ్ళీ చదవండి. అందులో రెండు వేరువేరు మాటలున్నాయి. 'ఒడియా నేర్చుకుంటే తెలుగు పోతుంది' అనేది నిజమో కాదో తేల్చగలిగిన మాట. అది తప్పు, దాని దగ్గర మీరు తగ్గకండి. మీ ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు అక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయన తెలుగు ఏమన్నా తగ్గిందా? రెండోది 'మన ఇంట్లోనే చచ్చిపోతోంది' అన్న మాట. అది బెంగ. బెంగకు ఉద్యోగాల నిబంధనలు చెబితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

గిడుగు వారినే ఇంకాస్త చూడండి. వ్యావహారిక భాష కోసం ఆయనంత పట్టుగా తర్కించినవాళ్ళు తక్కువ. గ్రాంథికమే రాయాలన్న పండితుల పుస్తకాల్లోంచే తప్పులు ఏరి చూపించారు. అంతటి మనిషి, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు, దానికి నొచ్చుకుని, డెబ్బై రెండేళ్ళ వయసులో ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ బాధ తర్కం చేతకాని మనిషిది కాదు. భాష మీద ఆ ప్రాణం ఉండబట్టే అన్నేళ్ళు ఆధారాలు వెతికారని నా నమ్మకం. మీ అన్నయ్యను 'భావోద్వేగంతో మాట్లాడేవాడు' అని ఒక పక్కన పెట్టేస్తే ఆయన చెప్పేది మీకు సగమే వినిపిస్తుంది.

మన పాతకాలపు తర్కశాస్త్రం, న్యాయదర్శనం, చర్చను మూడు రకాలు చేసింది. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన మాటంటూ లేకుండా ఎదుటివాడి మాట కొట్టేయడానికే చేసేది వితండం. నలభైమంది చూస్తుండే గ్రూపులో మంచివాళ్ళం కూడా జల్పంలోకి జారిపోతాం. తగ్గితే పరువు పోతుందనిపిస్తుంది. అందుకని ఇక అక్కడ రాయకండి.

ఫోన్ చేయండి. ముందు 'తాతగారి తెలుగు పోతుందని నీ భయం, అంతేనా అన్నయ్యా?' అని ఆయన మాటను ఆయన ఒప్పుకునేలా మీరే చెప్పండి. మన తర్కంలో పూర్వపక్షం, అంటే ఎదుటివారి వాదనను ముందుగా చెప్పడం, అదే. ఆయన అవునన్నాక మీ కారణాలు చెప్పండి. తెలుగు అక్షరాలు నేర్పడానికి ఆదివారం ఓ అరగంట వీడియో కాల్‌లో కూర్చుంటావా అని అడగండి. ఫోన్ చేసేటప్పుడు పాపను పక్కనే ఉంచుకోండి. 'మావయ్యా' అని ముందు పాపనే పిలవనివ్వండి.