ఉతికినా బట్టలకు పిల్లి వెంట్రుకలు... పాప తుమ్ములు వాటివల్లేనా?

ప్రశ్న: మా ఇంట్లో పర్షియన్ పిల్లి ఉంది. టాప్‌లోడ్ మెషీన్‌లో ఉతికినా పాప స్కూల్ యూనిఫాంకు వెంట్రుకలు అలాగే ఉంటున్నాయి. డ్రైయర్ లేదు, బాల్కనీలో ఆరేస్తాం. పాపకు తొమ్మిదేళ్లు. పొద్దున లేవగానే తుమ్ములు, ముక్కు కారడం. ఇదంతా ఆ వెంట్రుకల వల్లేనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీకు చిరాకు తెప్పించేది వెంట్రుక. పాపకు తుమ్ములు తెప్పించగలిగేది దానికి అంటుకున్న, కంటికి కనిపించని ప్రోటీన్. ‘ఫెల్ డి 1’ అనే ఈ ప్రోటీన్ పిల్లి ఉమ్ములో, చర్మంలోని తైలగ్రంథుల్లో తయారవుతుంది. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడు బొచ్చుకు అంటి, ఆరాక సన్నటి పొడిలా రాలుతుంది. నీళ్లలో కరుగుతుంది కాబట్టి ఉతికితే చాలావరకు పోతుంది. వెంట్రుక మాత్రం కరగదుగా!

అందుకే దాన్ని బట్ట తడవకముందే తీసేయాలి. తడిస్తే బట్టకు అతుక్కుపోతుంది, మెషీన్ తిప్పుడుకు నేతలోకి చొచ్చుకుంటుంది. గిన్నెలు తోమే రబ్బరు గ్లవుజును కాస్త తడిపి, నీళ్లు విదిలించి, పొడిబట్ట మీద ఒకే వైపు రాయండి. వెంట్రుకలు ఉండలు కట్టి వస్తాయి. ఈ పని బాల్కనీలో, మాస్కు పెట్టుకుని చేయండి. పాపను దగ్గరికి రానివ్వొద్దు.

డ్రమ్ సగానికి మించి నింపకండి. కిక్కిరిస్తే బట్టలు కదలవు, వెంట్రుక విడివడదు. నీటి మట్టం ఎక్కువ పెట్టి, రెండోసారి జాడించండి. డ్రమ్ లోపలి జాలి సంచిని ప్రతి ఉతుకుకీ ఖాళీ చేయాలి, డ్రమ్‌ను తడిగుడ్డతో తుడవాలి. లేదంటే ఇవాళ్టి వెంట్రుకలే రేపటి బట్టలకు చేరతాయి. ఆరేసేముందు ఒక్కో బట్టనూ గట్టిగా నాలుగుసార్లు దులపండి. పాలిస్టర్ కలిసిన యూనిఫాం ఆరాక కరెంటు పట్టినట్టు వెంట్రుకల్ని లాగుతుంది. మళ్లీ ఒకసారి తడి గ్లవుజు రాసి, వెంటనే బీరువాలో పెట్టేయండి. ఘాటు వాసన ఉండే కండిషనర్ మాత్రం వద్దు, కొందరు పిల్లలకు దానివల్లే ముక్కు మండుతుంది.

ఇక అసలు సంగతి. పొద్దున లేవగానే తుమ్ములంటే దిండులో, పరుపులో ఉండే డస్ట్‌మైట్‌లనూ (కంటికి కనిపించని దుమ్ము పురుగులు) అనుమానించాలి. పాప దుప్పటి, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకండి. పిల్లిని పాప పడకగదిలోకి రానివ్వకండి.

తుమ్ములు తగ్గకపోతే ఎలర్జీ నిపుణులతో స్కిన్ ప్రిక్ టెస్ట్ (చర్మం మీద సన్నగా గుచ్చి, దేనికి ఎలర్జీనో చూసే పరీక్ష) చేయించండి. సెట్రిజిన్ లాంటి ఎలర్జీ మందులు వాడుతుంటే పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి, సాధారణంగా వారం. పాపకు రాత్రి దగ్గు, పిల్లికూతలు (ఊపిరిలో ఈల లాంటి శబ్దం), ఆయాసం ఉంటే మాత్రం ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి. పరీక్ష కాకుండా పిల్లిని పంపేయాలని తొందరపడొద్దు: అది వెళ్లాక కూడా ఆ ప్రోటీన్ ఇంట్లో నెలల తరబడి ఉంటుంది, కారణం మైట్‌లైతే తుమ్ములూ ఉంటాయి.