మొహమాటపడకు, తల్లీ

చిరంజీవి చిన్నికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న సాయంత్రం వచ్చి, నీ ఉద్యోగం సంగతి కాగితం మీద రాసి చూపించింది. విద్యుత్ కేంద్రాలు, రిఫైనరీలు, గ్యాస్ ప్లాంట్లు తిరిగి, పనివాళ్ల భద్రతను, ఆరోగ్యాన్ని యాజమాన్యాలు ఎంత పట్టించుకుంటున్నాయో అంచనా కట్టే పని అట. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. గర్వంగా ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్లు నేను నడిచిన దారి అది. గుంటలు ఎక్కడున్నాయో నాకు తెలుసు.

ప్రమాణాలు ఎలాగూ చదివే ఉంటావు. 2018లో వచ్చిన ఐఎస్ఓ 45001, పనివాళ్ల భద్రత, ఆరోగ్యాల అంతర్జాతీయ ప్రమాణం, నీకు కంఠతా వచ్చి ఉంటుంది. నీ పాదాలకు సరిపోయే బూట్లు నువ్వే తీసుకెళ్లు. సైరన్ మోగితే ఎక్కడికి చేరాలో వెళ్లిన వెంటనే అడిగి తెలుసుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు, అయినా చెప్పకుండా ఉండలేను.

గేటు దగ్గర ఒక బోర్డు కనిపిస్తుంది. ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు గడిచాయని పెద్ద పెద్ద అంకెలు ఉంటాయి. దాన్ని చూసి అభిప్రాయం ఏర్పరచుకోకు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు బావి తవ్వే రిగ్గు పేలిపోయింది. ఏడేళ్లుగా పనికి రాలేనంత గాయం ఒక్కరికీ కాలేదని సిబ్బందిని మెచ్చుకోవడానికి, పెద్ద అధికారులు ఆ రోజే దాని మీదికి వచ్చి ఉన్నారు. ఆ రాత్రి 11 మంది పోయారు. అంతకుముందు 2005లో అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో పేలుడు జరిగి 15 మంది చనిపోయారు. ఆ తర్వాత పరిశీలన జరిపిన బేకర్ సంఘం తేల్చింది కూడా ఇదే. జారిపడటాలు, వేళ్లు నలగడాలు తగ్గుతున్నాయి కదా అని, పేలుడు ప్రమాదం కూడా అదుపులోనే ఉందని ఆ రిఫైనరీ నడిపిన కంపెనీ పొరబడింది. మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకోమని బోర్డు పెట్టడం వేరు, పీడనం పెరిగితే తెరుచుకోవాల్సిన వాల్వును గడువులోగా పరీక్షించడం వేరు. నువ్వు రెండోదాని తేదీలు అడుగు. ఎన్ని పరీక్షలు గడువు దాటాయి, ఎవరి సంతకంతో వాయిదా పడ్డాయి, ఏ అలారాలు ఆపి ఉంచారు, ఎవరు ఆపమన్నారు అని అడుగు. త్రుటిలో తప్పిన ప్రమాదాల మీద ఫిర్యాదులు ఏడాదికేడాది తగ్గుతుంటే సంతోషపడకు. రాసినవాణ్ణి ఎవరైనా మందలించారేమో కనుక్కో.

ఇక, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను. మీ అమ్మకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి ఆరేళ్లయింది. ఒక థర్మల్ విద్యుత్ కేంద్రానికి ముగ్గురం వెళ్లాం. పర్మిట్ల విభాగం నాది. ట్యాంకులోకి, మూసి ఉన్న పాత్రలోకి మనిషి దిగే ముందు లోపలి గాలిని మీటరుతో పరీక్షించి, ఆక్సిజన్ శాతం పర్మిట్ మీద రాసి, సంతకం పెట్టాలి కదా. చల్లటి గదిలో నా ముందు రిజిస్టర్లు పేర్చారు. ఒక్క కొట్టివేత లేదు. ఒక్క గడి ఖాళీగా లేదు. ఆక్సిజన్ దగ్గర ప్రతి పేజీలోనూ 20.9. పేజీ తర్వాత పేజీ, నెల తర్వాత నెల, అదే అంకె, అదే సిరా, అదే చేతిరాత. ఆరుబయటి గాలిలో ఉండేది 20.9 శాతమే కాబట్టి నాకు అనుమానం రాలేదు. కానీ చిన్నీ, మనుషులు పనిచేస్తున్న ట్యాంకుల్లో నిజంగా కొలిస్తే, ఒక రోజు 20.7, ఒక రోజు 20.4, ఎప్పుడో ఒకసారి 19.5కి దిగువన వచ్చి పని ఆగిపోవడం కూడా కనబడుతుంది. నేను మాత్రం ఆ పొందిక చూసి మురిసిపోయాను. నూటికి 96 మార్కులు వేశాను. ‘ఆదర్శప్రాయం’ అన్న మాట నా చేతితో రాశాను.

రెండో రోజు ప్లాంటులో తిరుగుతుంటే ఒక కాంట్రాక్టు కార్మికుడు దగ్గరికి వచ్చాడు. పెద్ద వయసు మనిషి. ‘అయ్యా, ఆ మీటరు...’ అన్నాడు. నా పక్కనున్న అధికారి, ‘భోజనానికి అందరూ మన కోసమే ఎదురుచూస్తున్నారు, రండి’ అన్నారు. మొహమాటపడ్డాను. తర్వాత వచ్చి అడుగుదాం అనుకున్నాను. వెళ్లలేదు. మూడో రోజు సాయంత్రం బండెక్కాను.

సరిగ్గా 19 రోజులకు, షట్‌డౌన్‌లో, అంటే ప్లాంటును మరమ్మతులకు ఆపినప్పుడు, తుప్పు పట్టకుండా నైట్రోజన్ నింపి ఉంచిన ఒక పాత్రలోకి వెల్డరు సహాయకుడు దిగాడు. కుర్రవాడు. నైట్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. ఊపిరాడటం లేదన్న బాధ కూడా తెలియదు. ఆ బాధ పుట్టించేది ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. అది బయటికి పోతూనే ఉంటుంది. ఒకటి రెండు శ్వాసలకే మనిషి కూలిపోతాడు. వాడు పడిపోవడం చూసి, పైనున్న మనిషి కాపాడటానికి దిగాడు. ఇద్దరూ బతకలేదు.

విచారణకు నన్నూ పిలిచారు. ఆ రోజు పర్మిట్ చూపించారు. ఆక్సిజన్ 20.9. అదే సిరా. మీటరు బ్యాటరీ పోయి నెలల తరబడి అలమరాలో పడి ఉందట. పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని రోజంతటి పర్మిట్లు ఒకేసారి నింపేవారట. వ్యవస్థ బాగానే ఉందని చెప్పడానికి యాజమాన్యం దాఖలు చేసిన కాగితం నా నివేదిక. నా సంతకం నేనే గుర్తుపట్టి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి దిగిన మనిషి, ఆ రోజు నాతో మాట్లాడబోయిన మనిషి ఒకరేనా అని నేను ఎవరినీ అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. ఇప్పటికీ తెలియదు.

అందుకే చెబుతున్నాను, రిజిస్టరు ముందు కూర్చోకు. ఆ పూట అమల్లో ఉన్న పర్మిట్ ఒకటి చేతిలో పట్టుకుని, పని జరుగుతున్న చోటికి నడిచి వెళ్లు. మీటరు ఎవరి దగ్గరుందో చూపించమను. నీ ముందే ఆన్ చేయమను. అది సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూసిన (క్రమాంకనం) తేదీ చదువు. పైన కాపలా ఉన్న మనిషిని, ‘లోపలివాడు పడిపోతే నువ్వేం చేస్తావు?’ అని అడుగు. ‘దిగి లాగుతాను’ అంటే, అక్కడ శిక్షణ ఎంత బాగుందో ఎవరూ నీకు చెప్పక్కర్లేదు.

షిఫ్టు మారేటప్పుడు కంట్రోల్ రూమ్‌లో ఉండు, అది తెల్లవారుజామైనా సరే. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక తగలబడి 167 మంది పోవడానికి దారితీసింది అలాంటి అప్పగింతే. ఒక పంపుకు ఒక పర్మిట్, దాని రిలీఫ్ వాల్వుకు ఇంకో పర్మిట్. వాల్వు విప్పేసి, ఆ చోట బిళ్ల బిగించి ఉందన్న సంగతి రాత్రి షిఫ్టువాళ్లకు చేరలేదు. వాళ్లు పంపు నడిపారు. ఆ బిళ్ల దగ్గర లీకై అంటుకుంది. ఎవరు ఎవరికి ఏం చెప్పి వెళ్తున్నారో నువ్వు పక్కన నిలబడి విను. లాగ్‌బుక్ తర్వాత చూసుకోవచ్చు.

కాంట్రాక్టు కార్మికులతో ఒంటరిగా మాట్లాడు, వాళ్ల మేస్త్రీ కూడా పక్కన లేకుండా. గాయాల లెక్కల్లో వాళ్లను కలిపారో లేదో చూడు. టెక్సాస్ సిటీలో పోయిన 15 మందీ కాంట్రాక్టు మనుషులే.

ఆరోగ్యం గురించి కూడా రాయి, తల్లీ. భద్రత, ఆరోగ్యం అని శీర్షిక పెట్టి, నివేదికంతా భద్రత గురించే రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ రాశాను. పేలుడు ఒక్క క్షణంలో కనబడుతుంది. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తుల్లో ఇరవై ముప్పై ఏళ్లు దాక్కుని అప్పుడు బయటపడుతుంది, అప్పటికి ఆ మనిషి ఏ కంపెనీ లెక్కలోనూ ఉండడు. 85 డెసిబెల్స్ దాటిన చోట పనిచేసేవాళ్లకు ఏటా వినికిడి పరీక్ష చేస్తున్నారా అని అడుగు. చేశాం అంటే, చెవి తగ్గినవాళ్లను ఆ చోటి నుంచి మార్చారా అని అడుగు. మీ అమ్మ నాకు కాగితం మీద రాసి చూపించాల్సి వచ్చింది ఎందుకో నీకు తెలుసు కదా. టర్బైన్ హాల్లో చెవులకు ఏమీ పెట్టుకోకుండా తిరిగిన రోజులు అవి.

నీకు ఒక చెడ్డ అలవాటు ఉంది. ఏడేళ్లప్పుడు జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా, ఇంటినిండా చుట్టాలు ఉన్నారని ఎవరికీ చెప్పకుండా మూలన కూర్చున్నావు. నేను నుదుటి మీద చెయ్యి వేసి చూసేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ రోజు నిన్ను ఎంత తిట్టానో, తర్వాత రాత్రంతా నీ మంచం పక్కనే ఎలా కూర్చున్నానో గుర్తుందా? ఇప్పుడూ అదే కోపం వస్తోంది. పెద్దవాళ్లు మర్యాద చేస్తే నువ్వు కాదనలేవు. వాళ్లు నిజంగా మంచివాళ్లే అయి ఉండవచ్చు. అయినా భోజనం ఆలస్యమైతే కానివ్వు. ఎవరైనా నీ దగ్గరికి వచ్చి ఒక మాట మొదలుపెడితే, ఆ మాట పూర్తయ్యేదాకా అక్కడి నుంచి కదలకు.

ఇంకొకటి. లోపల ఎవరు పడిపోయినా, ఎంత దగ్గరగా కనబడుతున్నా, గాలి సిలిండరు వీపున లేకుండా నువ్వు దిగకు. నాకు ఈ ఒక్కటి మాట ఇవ్వు.

మొదటి ప్లాంటు నుంచి రాగానే ఉత్తరం రాయి, ఫోను చేయకు. అక్కడ మీటరు ఎవరి చేతిలో చూశావో, అది ఎంత చూపించిందో కూడా రాయి.

మీ మామయ్య