మా అమ్మాయి మగవాళ్ల మ్యాచ్‌లకు రెఫరీగా వెళ్తానంటోంది, పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి ఫుట్‌బాల్ ఆడుతోంది. కిందటేడు రెఫరీ కోర్సు పాసైంది. మొదట అమ్మాయిల మ్యాచ్‌లు, తర్వాత పదహారేళ్లలోపు అబ్బాయిల మ్యాచ్‌లు చేసింది. ఈమధ్య మగవాళ్ల లీగ్ మ్యాచ్‌కు, హద్దు గీత వెంట జెండాతో ఉండే అసిస్టెంట్ రెఫరీగా పంపారు. ఆఫ్‌సైడ్ అని, అంటే బంతి అందించే సమయానికే ఆటగాడు ఎదుటి డిఫెండర్లను దాటి ముందున్నాడని, జెండా ఎత్తి ఒక గోల్ రద్దు చేయించిందట. ఆ జట్టు ఆటగాడు ఒకడు 'నీకెందుకీ ఆట, వంటింట్లోకి పో' అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారట. ఈ సంగతి తను నాకు చెప్పలేదు, స్నేహితురాలి ద్వారా తెలిసింది. ఇక ఆడవాళ్ల మ్యాచ్‌లకే వెళ్లమన్నాను. వినడం లేదు, ఇదే నా కెరీర్ అంటోంది. మగవాళ్ల ఆటలో ఆడపిల్ల మాట ఎప్పటికైనా చెల్లుతుందా? ఇందులో బతుకుతెరువు ఉందా? మీరైనా నచ్చజెప్పండి. తను కూడా మీ జవాబు చదువుతానంది. – ఒక తండ్రి

జవాబు: మీకు కోపం రావడం సహజమండీ, ఎవరికైనా వస్తుంది. కానీ ఆ కోపంలో మీరిచ్చిన తీర్పు ఒకసారి చూడండి. నోరు జారింది ఆటగాడు, మైదానం వదలమన్నది మాత్రం మీ అమ్మాయిని.

'చెల్లుతుందా' అన్న ప్రశ్నకు జవాబు ఆట నిబంధనల్లోనే ఉంది. ఆటకు సంబంధించిన విషయాల్లో రెఫరీ నిర్ణయమే తుది అని ఐదో నిబంధన చెబుతుంది. రెఫరీ ఆడా మగా అన్న ప్రస్తావన అందులో లేదు. కాగితం మీద ఉన్నంత మాత్రాన మైదానంలో జరుగుతుందా అని మీరు అడగవచ్చు. ఇప్పటికే జరిగింది. 2017 సెప్టెంబరులో జర్మనీకి చెందిన బిబియానా స్టైన్‌హౌస్ అక్కడి పురుషుల అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లీగాలో హెర్తా బెర్లిన్–వెర్డర్ బ్రెమెన్ మ్యాచ్‌కు రెఫరీగా దిగింది. ఫ్రాన్స్‌కు చెందిన స్టెఫానీ ఫ్రాపార్ 2019 ఆగస్టులో ఇస్తాంబుల్‌లో యూరప్ పురుషుల క్లబ్‌ల సూపర్ కప్‌లో లివర్‌పూల్–చెల్సీ మ్యాచ్ నడిపింది. 2022 డిసెంబరు 1న పురుషుల ప్రపంచకప్‌లో కోస్టారికా–జర్మనీ మ్యాచ్‌లోనూ విజిల్ ఆమె చేతిలోనే ఉంది. ఇద్దరు అసిస్టెంట్లూ మహిళలే, బ్రెజిల్ నుంచి నెయుజా బాక్, మెక్సికో నుంచి కారెన్ డియాస్. జర్మనీ 4-2తో గెలిచి కూడా గ్రూప్ దశలోనే ఇంటిముఖం పట్టిన మ్యాచ్ అది. అంత ఒత్తిడి ఉన్న మ్యాచ్‌ను మొహమాటానికి ఎవరూ అప్పగించరు. 2023 డిసెంబరులో రెబెకా వెల్చ్ ఇంగ్లండ్ పురుషుల ప్రీమియర్ లీగ్‌లో ఫుల్హమ్–బర్న్‌లీ మ్యాచ్ చేసింది.

ఇవి చెప్పి మీ అమ్మాయీ రేపే అక్కడికి వెళ్తుందనడం లేదు. స్టైన్‌హౌస్ జర్మనీ పురుషుల రెండో డివిజన్‌లో అడుగుపెట్టింది 2007లో. పైమెట్టు ఎక్కడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ ఆమెను ఆపింది ఏమిటో ఆలోచిస్తే, మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడ దొరుకుతుంది.

మగవాళ్ల మ్యాచ్‌లో మహిళా రెఫరీకి ఎదురయ్యే ధోరణులన్నీ ఒకే రకం కాదు. 'కళ్లు కనపడటం లేదా, అది ఆఫ్‌సైడా?' అని అరవడం ఒకటి. ఇది మగ రెఫరీకీ వారం వారం తప్పదు. హద్దు దాటితే ఎల్లో కార్డుతో సరిపోతుంది. 'వంటింట్లోకి పో' అన్నది వేరు. అది నిర్ణయం మీద కోపం కాదు, ఆమె అక్కడ ఉండటం మీదే కోపం. నిబంధనల్లో దానికి మందు ఉంది: కించపరిచే, దూషించే మాటకు రెడ్ కార్డు. ఈ రెండూ గట్టిగా వినిపిస్తాయి కాబట్టి తండ్రిగా మీకు అవే కనిపిస్తున్నాయి. నా ఉద్దేశంలో కెరీర్లను దెబ్బతీసేది చప్పుడు చేయని మూడో రకం. 'పాపం ఆ అమ్మాయిని ఆ గొడవ మ్యాచ్‌కు ఎందుకు పంపడం, ఈసారికి వేరేవాళ్లను వేద్దాం' అనే జాలి. అలా అనేవాళ్లు మర్యాదస్తులే, 'బాగా చేస్తోందండీ' అని మెచ్చుకుంటారు కూడా. కానీ కష్టమైన మ్యాచ్ దక్కకపోతే అనుభవం రాదు. పైమెట్టుకు పేరు పంపే రోజున 'ఇంకా అనుభవం చాలదు' అన్న మాటా ఆ నోటి నుంచే వస్తుంది.

2011 జనవరిలో ఇంగ్లండ్‌లో జరిగిన వుల్వ్స్–లివర్‌పూల్ మ్యాచ్‌కు 25 ఏళ్ల సియాన్ మాసీ అసిస్టెంట్ రెఫరీ. పేరున్న ఇద్దరు టీవీ ప్రముఖులు, తమ మాటలు ప్రసారం కావడం లేదన్న ధైర్యంతో, ఆడవాళ్లకు ఆఫ్‌సైడ్ రూలే తెలియదని నవ్వుకున్నారు. ఆ మ్యాచ్‌లోనే లివర్‌పూల్ మొదటి గోల్‌కు ముందు వెంట్రుకవాసిలో తేలే సందర్భం వచ్చింది. ఆమె జెండా ఎత్తలేదు. రీప్లేలో చూస్తే ఆమె చేసిందే సరైనది. మాటలు బయటపడ్డాయి, ఆ గొడవలో ఒకరి ఉద్యోగం పోయింది, ఇంకొకరు రాజీనామా చేశారు. ఇంతవరకు చాలామందికి గుర్తుంటుంది. ఆ వెంటనే చేయాల్సిన మరో మ్యాచ్ నుంచి మాసీని తప్పించిన సంగతి అంతగా గుర్తుండదు. కెమెరాలన్నీ ఆమె మీదే ఉంటాయని, ఆట పక్కకు పోతుందని. ఆ ఆలోచనలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేకపోవచ్చు. అయినా నిర్ణయం సరిగ్గా ఇచ్చిన మనిషి ఆ రోజు పక్కన కూర్చోవాల్సి వచ్చింది. ఆమె తర్వాత తిరిగొచ్చి ఏళ్ల తరబడి ప్రీమియర్ లీగ్‌లో జెండా పట్టింది, అది వేరే విషయం.

ఇంకా వెనక్కి వెళ్తే బ్రెజిల్‌లో లేయా కాంపోస్ ఉంది. 1967లో రెఫరీ శిక్షణ పూర్తి చేసింది. అక్కడి ఫుట్‌బాల్ పెద్దలు అనుమతి ఇవ్వలేదు, 1971 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమెను ఆపింది ప్రేక్షకుల ఈలలు కాదు, ఆఫీసులో పెట్టని ఒక సంతకం.

కాబట్టి మీ అమ్మాయి భవిష్యత్తు గురించి ఆరా తీయాలంటే గ్యాలరీలో ఎవరేమన్నారో కాదు, మీ రెఫరీల సంఘంలో మ్యాచ్‌లు ఎవరు కేటాయిస్తారో అడగండి. కిందటి సీజన్‌లో మహిళలకు పురుషుల మ్యాచ్‌లు ఏ స్థాయిలో ఇచ్చారు? మధ్యలో రెఫరీగానా, లైన్ మీదకేనా? వాళ్ల పని చూసి మార్కులు వేయడానికి అబ్జర్వర్ వస్తాడా? దూషణ మీద రిపోర్టు ఇస్తే కిందటిసారి ఏం చర్య తీసుకున్నారు? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబులు వస్తే అక్కడ ఎదగవచ్చు. నసిగితే, అమ్మాయిలో లోపం లేకపోయినా దారి మూసుకుపోయే చోటు అది. అప్పుడు వేరే సంఘానికి మారడం గురించి ఆలోచించాలి, ఆట మానడం గురించి కాదు.

మీ భయాల్లో న్యాయమైనవి కూడా ఉన్నాయి. బట్టలు మార్చుకోవడానికి వేరే గది ఉందా? గొడవగా ముగిసిన మ్యాచ్ తర్వాత రెఫరీలను బయటిదాకా తీసుకెళ్లే బాధ్యత ఎవరిది? రాత్రి మ్యాచ్ అయితే తిరుగు ప్రయాణం ఎలా? ఇవి నిర్వాహకులను మొహమాటపడకుండా అడగాల్సిన విషయాలు. పురుష రెఫరీలకూ వీటిలో సగం కావాలి, కాకపోతే వాళ్లు అడగరు. వీటి మీద పట్టుబట్టండి, నేను మీ పక్షానే ఉంటాను.

ఇప్పుడు నీతో రెండు మాటలు అమ్మా. ఆ ఆటగాడు అన్న మాట మధ్యలో ఉన్న రెఫరీకి చెప్పావా? అసిస్టెంట్‌గా కార్డు చూపే అధికారం నీకు లేదు, కానీ విన్నది రెఫరీకి చేరవేయడం నీ పనిలో భాగం. ఆట ఆగగానే పిలిచి చెప్పాలి. చెప్పినా అతను పట్టించుకోకపోతే అది నీ వైఫల్యం కాదు, సంఘం దృష్టికి తేవాల్సిన విషయం. మ్యాచ్ రిపోర్టులో 'అసభ్యంగా మాట్లాడాడు' అని రాస్తే సరిపోదు. ఏ నిమిషం, ఎన్నో నంబరు ఆటగాడు, అన్న మాట ఏమిటో ఉన్నది ఉన్నట్టు రాయాలి. సిగ్గుపడి మెత్తబరిస్తే క్రమశిక్షణ కమిటీ దగ్గర ఆ రిపోర్టు నిలబడదు.

చర్యలు పడతాయా అంటావేమో. 2015లో జర్మనీ రెండో డివిజన్‌లో కెరెమ్ దెమిర్‌బాయ్ అనే ఆటగాడు రెడ్ కార్డు పడ్డాక స్టైన్‌హౌస్‌తో మగవాళ్ల ఫుట్‌బాల్‌లో ఆడవాళ్లకు చోటు లేదన్నాడు. ఐదు మ్యాచ్‌ల నిషేధం పడింది. క్లబ్ వాళ్లు అతన్ని అమ్మాయిల మ్యాచ్ ఒకదానికి రెఫరీగా కూడా పంపారు. ఇది చాలామందికి నచ్చింది గానీ నాకు మింగుడు పడలేదు. అమ్మాయిల మ్యాచ్ చేయడం శిక్ష ఎప్పుడైంది? నిషేధం మాత్రం సబబే.

ఇంట్లో చెప్పకుండా దాచడం గురించి కూడా. చెబితే మాన్పిస్తారని దాచావు, దాచినందుకు నాన్నకు టెన్షన్ ఇంకా పెరిగింది. మ్యాచ్‌లో ఏం జరిగిందో ముందు నువ్వే చెప్పు. అంతకన్నా ముఖ్యం, అదే సంఘంలో నీకన్నా సీనియర్ రెఫరీ ఒకరితో ప్రతి మ్యాచ్ గురించీ మాట్లాడే అలవాటు చేసుకో. ఆడా మగా ఎవరైనా ఫర్వాలేదు. ఏది నీ పొరపాటు, ఏది ఎదుటివాడి దురుసుతనం అన్నది ఒంటరిగా కూర్చుని తేల్చుకోవడం కష్టం. ఆ ఆఫ్‌సైడ్ సరైనదో కాదో కూడా నిజాయితీగా చూసుకోవాలి. నీ వరుసలో నువ్వు చివరి నుంచి రెండో డిఫెండర్‌తో (గోల్‌కీపర్‌ను కూడా లెక్కేసుకుని) సమానంగా ఉన్నావా లేదా అన్నది, వాడు అన్న మాటతో సంబంధం లేని ప్రశ్న.

ఫిట్‌నెస్ విషయంలో ఒక సంగతి మీ ఇద్దరికీ తెలియాలి. 'ఆడవాళ్లు మగవాళ్ల వేగాన్ని అందుకోలేరు' అనే వాదనకు చర్చ అక్కర్లేదు, పరీక్షే ఉంది. అంతర్జాతీయ స్థాయిలో పురుషుల మ్యాచ్‌లు చేయాలంటే మహిళలూ పురుషుల టైమింగుల్లోనే పాసవ్వాలి. 40 మీటర్ల పరుగు ఆరుసార్లు, ఒక్కోటి 6 సెకన్లలో. మహిళల మ్యాచ్‌లకైతే 6.4 సెకన్లు. తర్వాత 75 మీటర్లు 15 సెకన్లలో పరుగెత్తి, 25 మీటర్లు 18 సెకన్లలో నడవాలి, ఇలా 40 సార్లు, అంటే మొత్తం 4 కిలోమీటర్లు. మహిళల ప్రమాణంలో అవి 17, 20 సెకన్లు. తేడా కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది, ట్రాక్ మీద దిగితే తెలుస్తుంది. మీ స్థానిక సంఘం ఏ టైమింగ్ అడిగినా, ఇప్పటి నుంచే పురుషుల అంకె పెట్టుకుని సాధన చేయమనే నా సలహా. ఆ పరీక్ష పాసైన కాగితం చేతిలో ఉంటే, కేటాయింపుల దగ్గర సగం సాకులు అక్కడే పోతాయి.

ఇక బతుకుతెరువు. ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. రెఫరీయింగ్ ఒక్కదాన్నే నమ్ముకుని చదువు వదిలేస్తే ఒప్పుకోవద్దు. నెల జీతం ఇచ్చే లీగులు ప్రపంచంలో కొన్నే, మిగతా చోట్ల మ్యాచ్‌కు ఇంత అని ఫీజు. పైదాకా వెళ్లినవాళ్లూ ఉద్యోగం పెట్టుకునే వచ్చారు. స్టైన్‌హౌస్ పోలీసు అధికారి. వెల్చ్ బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవల్లో పనిచేసేది. 2022 ప్రపంచకప్ జాబితాలో ఉన్న రువాండా రెఫరీ సలీమా ముకన్‌సంగా నర్సింగ్, ప్రసూతి సేవలు చదివింది. గాయం ఒక్కటి చాలు సీజన్ పోవడానికి, అందుకే రెండో ఆదాయం తప్పనిసరి.

సమయం మాత్రం ఆమె వైపే ఉంది. అంతర్జాతీయ మ్యాచ్‌లకు కావాల్సిన ఫిఫా (ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం) రెఫరీ బ్యాడ్జికి కనీస వయసు 25, అసిస్టెంట్‌కు 23. డిగ్రీ పూర్తి చేసి, వారాంతాలు ఖాళీ ఉండే ఉద్యోగం చూసుకోవడానికి సరిపడా వ్యవధి. వ్యాయామ విద్య, ఫిజియోథెరపీ, క్రీడా నిర్వహణ లాంటి చదువులైతే ఆటకూ దగ్గరగా ఉంటాయి. షిఫ్టులు మారే ఉద్యోగమైతే సెలవుల విషయం చేరేముందే మాట్లాడుకోవాలి. మైదానం దిగాక కూడా ఈ రంగంలో పని ఉంటుంది: వీడియో రెఫరీ, అబ్జర్వర్, శిక్షకురాలు. స్టైన్‌హౌస్ 2020లో మైదానం నుంచి తప్పుకుంది. ఆ తర్వాతి ఏడాదే ఇంగ్లండ్‌లో మహిళా రెఫరీల విభాగం బాధ్యత తీసుకుంది.

పంపాలా అని సూటిగా అడిగారు కాబట్టి: పంపండి, మాన్పించవద్దు. మహిళల మ్యాచ్‌లకే పరిమితం చేయడం కూడా వద్దు, రెండూ చేయనివ్వండి. మహిళల అంతర్జాతీయ మ్యాచ్‌ల వల్లే ఫ్రాపార్ పేరు బయటికొచ్చింది, 2019 మహిళల ప్రపంచకప్ ఫైనల్ ఆమే చేసింది. వచ్చే రెండు సీజన్లు చూడండి. ప్రతి సీజన్ చివర ఆమెకు దక్కిన మ్యాచ్‌ల స్థాయి, అబ్జర్వర్ మార్కులు, ఫిట్‌నెస్ టైమింగ్, డిగ్రీ మార్కులు ఇద్దరూ కూర్చుని చూసుకోండి. మ్యాచ్‌ల స్థాయి పెరగకపోతే కారణం సంఘాన్ని రాతపూర్వకంగా అడగాలి, ఆ ఉత్తరం అమ్మాయి పేరు మీదే వెళ్లాలి. డిగ్రీ మార్కులు పడిపోతే ఆ సీజన్‌కు మ్యాచ్‌లు తగ్గించుకోవాలి, ఇది మాత్రం అమ్మాయి ముందే ఒప్పుకోవాలి.