రాసే ముందు ఒకసారి ఆగు

భద్రాచలం,
ఆదివారం సాయంత్రం

చిన్నీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, "నీ మేనకోడలు కోర్టు ప్రాక్టీసు వదిలేసి గుత్తికోయల గుంపుల్లో, ఆ అడవి గూడేల్లో పనిచేస్తానంటోంది, అంతా నీ పెంపకమే" అని నామీద గయ్యిమన్నాడు. అననీ. ఫోన్ పెట్టేశాక కాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ తర్వాత రెండింటిదాకా నిద్ర పట్టలేదు. ముందుగా నాకొక మాట చెప్పాలనిపించలేదే నీకు? ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఆ ఆదివాసుల గురించి నీకు మొదట చెప్పింది నేనే కదా.

సరే, మామూలు సంగతులు ముందు. దోమతెర తెచ్చుకో. కోయ భాష నేర్చుకో. చీకటి పడ్డాక అడవి దారిలో బండి నడపకు.

ఆఫీసుల్లో వాళ్లను 'వలసవాళ్లు' అంటారు. నువ్వు మాత్రం అనకు. మిరప కోతలకు వచ్చి, కూలి డబ్బులు మూటగట్టుకుని వెళ్లిపోయేవాళ్లది వలస. 2005 జూన్‌లో దంతెవాడ వైపు, మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సల్వాజుడుం దళాలు మొదలయ్యాక వచ్చినవాళ్లు అటు జుడుం, ఇటు మావోయిస్టులు, మధ్యలో నలిగి, తగలబడిన ఇళ్లు వదిలి మన ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చారు. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు ఎస్టీలే. సరిహద్దు దాటేసరికి ఆ సర్టిఫికెట్ పుట్టదు. పోలవరం ముంపు వాళ్లకైతే చట్టం ఉంది, ప్యాకేజీ ఉంది, అమలు ఎంత అధ్వానమైనా అడగడానికొక కాగితం ఉంది. కొట్లాటకు భయపడి సొంత దేశంలోనే పారిపోయినవాళ్లకు మన దగ్గర ప్రత్యేక చట్టమే లేదు. ఇలాంటివాళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 1998లో పెట్టిన 30 సూత్రాలు నువ్వు చదివే ఉంటావు. వాటిని తహసీల్దారు ముందు పెడితే టీ ఇచ్చి పంపిస్తారు. అక్కడ రాజ్యాంగం 19వ అధికరణం మాట్లాడు, దేశంలో ఎక్కడైనా ఉండే హక్కుందని. బడి దగ్గర విద్యాహక్కు చట్టం మాట్లాడు, వయసు కాగితం లేదని పిల్లను వెనక్కి పంపకూడదని.

ఇక నా తప్పు. మీ నాన్నకు కూడా తెలియదు ఇది.

2008 వేసవి. బడికి సెలవులు. ఒక గుంపులో రేషన్ కార్డులు ఇప్పిద్దామని పొడుగు నోట్‌బుక్ కొని గళ్లు గీశాను. పేరు, సొంతూరు, ఎప్పుడొచ్చారు, ఎందుకొచ్చారు. టీచరును కదా, గళ్లంటే మోజు. 43 కుటుంబాలు. మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు. నాలుగో రోజుకు ఒక ముసలమ్మ నాకు ఇప్పపూలు చేతిలో పోసి, కొడుకును ఎవరు తీసుకెళ్లారో చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఒకాయన "మొన్నటి సంక్రాంతి ముందటి సంక్రాంతికి" అన్నాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టి, 2007 జనవరి అని చక్కగా గుండ్రటి అక్షరాల్లో వేశాను.

అటవీ హక్కుల చట్టం అప్పటికి అమల్లోకి వచ్చి నాలుగు నెలలైనా నేను చదవలేదు చిన్నీ. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి ఆ నేల మీద ఉన్నవాళ్లకే హక్కు అని అందులో ఉంది. వాళ్లు నిజం చెప్పారు, నేను నిజం రాశాను, ఆ నిజమే వాళ్లను ఆక్రమణదారులని చూపించే రుజువైంది. నోట్‌బుక్‌ను జిరాక్స్ తీయించి ఒక ఆఫీసులో ఇచ్చాను. రసీదు కూడా అడగలేదు. అది ఎన్ని బల్లలు మారిందో నాకు తెలియదు. మూడు వారాలకు ఎవరో జిరాక్స్ పట్టుకుని, పేర్లు పిలుస్తూ గుంపులోకి వచ్చారట. మర్నాడు నేను వెళ్లేసరికి గుడిసెలు ఖాళీ. పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. ఒక కుక్కపిల్ల నా చెప్పుల చుట్టూ తిరిగింది.

రెండేళ్లకు సంతలో ఆ ముసలమ్మ కనిపించింది. తిడుతుందనుకున్నాను. నా భుజాన ఉన్న సంచీ వైపు చూసి, మెల్లగా పక్క దుకాణంలోకి వెళ్లిపోయింది.

అందుకే అంటున్నాను. ఊరిపేరు, వచ్చిన తేదీ, వచ్చిన కారణం ఒకే కాగితం మీద ఉండనివ్వకు. అసలు రాయకుండా కుదరదు, ఆ సంగతి నాకూ తెలుసు. ఆ అటవీ హక్కుల చట్టంలోనే 3(1)(ఎం) అని ఒకటుంది, ఆ తేదీకి ముందే అక్రమంగా వెళ్లగొట్టబడినవాళ్లకు బదులు భూమి అడగొచ్చు. అది అడగాలన్నా తేదీ కావాలి. కాబట్టి ముందు వాళ్లను కూర్చోబెట్టి, ఈ అంకె ఎటు కోస్తుందో చెప్పు. రాయమంటారో వద్దంటారో వాళ్లే తేల్చుకుంటారు. నాలా నువ్వు తేల్చకు. ఫోన్‌లో ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టే అలవాటు మీ వాళ్లందరికీ ఉంది, అది మరీ ప్రమాదం.

ఇంకోటి. 2022 నవంబర్‌లో చండ్రుగొండ దగ్గర అటవీ రేంజ్ ఆఫీసర్ హత్య జరిగాక, చేసిందెవరైనా గుత్తికోయలందరినీ వెళ్లగొట్టాలన్నారు జనం. ఆయనకూ ఇల్లుంది, పిల్లలున్నారు. వాళ్ల ఏడుపును తక్కువ చేసి మాట్లాడావంటే నీ మాట ఇక్కడ ఎవరూ వినరు, వినకూడదు కూడా.

కోపంగా రాశానా? భయం చిన్నీ. చిన్నప్పుడు గోదావరి మెట్ల మీద నా చెయ్యి విడిపించుకుని పరిగెత్తావు చూడు, అప్పటి భయమే ఇది.

బస్సు ఎక్కేముందు ఫోన్ చెయ్యి. నీ గది ఊడ్పించాను. ఆ నోట్‌బుక్ ఇంకా బీరువాలో అడుగున ఉంది, చూపిస్తాను. ఫొటో మాత్రం తియ్యనివ్వను.

మీ అత్త