బాగుచేసిన ఫ్లింట్‌లాక్ రైఫిల్‌ను అమ్మే ముందు డబ్బు దేనిమీద పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: పెన్సిల్వేనియాలో ఉంటున్నారు, విడిభాగాలుగా కొని బిగించుకునే పాత కిట్ రైఫిల్‌ని విప్పి మళ్లీ బిగించుకున్నారు, .50 క్యాలిబర్ హాకెన్ రకం ఫ్లింట్‌లాక్, అంటే చెకుముకి రాయి నిప్పుతో పేలే పాతకాలపు తుపాకి. దానికి ఇత్తడి పూలు, నక్షత్రాలు పొదిగించి అమ్మితే పెట్టిన ఖర్చు తిరిగొస్తుందా అని అడిగారు. నేనూ ఇక్కడే, లాంకాస్టర్‌కి దగ్గర్లో ఉంటాను. ఇలాంటివి మూడు బాగుచేసి అమ్మాను. నా అనుభవంలో అలంకారం మీద పెట్టిన డబ్బు రాలేదండీ. నిప్పు సరిగ్గా పడటానికి పెట్టిన ప్రతి డాలరూ వచ్చింది.

అన్నిటికంటే ముందు, గొట్టం ఖాళీగా ఉందో లేదో చూశారా? నా రెండో రైఫిల్ అమ్మినాయన ఖాళీదేనన్నాడు. ఇంటికి తెచ్చాక మందూ గుండూ దట్టించే కడ్డీని, అదే ర్యామ్‌రాడ్‌ను, లోపలికి జార్చి, గొట్టం మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూశాను. కొన, గొట్టం వెనక భాగంలో నిప్పు లోపలికి వెళ్లే పక్క చిల్లు దాకా రావాలి. రెండంగుళాల ముందే ఆగిపోయింది. ఎవరో ఎప్పుడో దట్టించిన మందూ గుండూ లోపల అలాగే ఉన్నాయి. నాకు చేతులు చల్లబడ్డాయి. ఈ తుపాకుల్లో వాడే నల్లమందు, అంటే బ్లాక్ పౌడర్, పొడిగా ఉంటే ఎన్నేళ్లయినా అంటుకుంటుంది. నేను దాన్ని ముట్టుకోకుండా తెలిసిన గన్‌స్మిత్‌ను పిలిపించి తీయించాను. మీరు కొన్నప్పుడు చూసుకుని ఉన్నా సరే, కొనేవాళ్ల ఎదుట ఇంకోసారి చూపించండి.

ఇక నిప్పు సంగతి. మా తాతయ్య చుట్ట ముట్టించుకోవడానికి చెకుముకి రాయి, ఇనుప ముక్క, కాస్త దూది సంచిలో పెట్టుకుని తిరిగేవాడు. ఫ్లింట్‌లాక్‌లో జరిగేదీ అదే. రాయి ఫ్రిజెన్ అనే ఉక్కు పలకను గీరుతుంది, ఊడిన ఉక్కు రజను గాలిలో మండి రవ్వలై పాన్ అనే చిన్న గిన్నెలోని మందు మీద పడుతుంది, ఆ మంట పక్క చిల్లులోంచి గొట్టంలోకి వెళ్తుంది. అంటే ఫ్రిజెన్ ముఖం బాగా గట్టిగా ఉండాలి. నా మొదటి రైఫిల్‌లో అది మెత్తబడిపోయింది. రాయి గాట్లు పెడుతోందే తప్ప రవ్వలు లేవు. వచ్చిన ఒకటీ రెండూ ఎర్రగా వచ్చి పాన్‌లో పడేలోపే ఆరిపోయేవి. రాళ్లు మార్చి మార్చి విసిగిపోయాను. చివరికి ఒక పాతకాలపు పనివాడి దగ్గర దాన్ని కాల్చి మళ్లీ గట్టిపడేలా చేయిస్తే మొదటి దెబ్బకే తెల్లటి రవ్వల జల్లు! రాయినీ ఫ్రిజెన్‌నీ పట్టుకుని నిప్పు పుట్టించే యంత్రాన్నే లాక్ అంటారు, అది మరీ అరిగిపోతే ఎల్ అండ్ ఆర్ అనే కంపెనీ వాళ్లు కొన్ని రకాల కిట్ రైఫిళ్లకు సరిపోయే కొత్త లాక్ చేస్తారు. మీదానికి దొరుకుతుందేమో కనుక్కోండి.

రాయిని దాన్ని పట్టుకునే దవడల మధ్య తోలు ముక్కతో బిగించండి, అంచు ఫ్రిజెన్‌కి సమాంతరంగా ఉండాలి. పక్క చిల్లు అంగుళంలో పదహారో వంతు చాలు. పాన్‌లో మందు ఆ చిల్లులోకి దూరి నిండిపోతే వత్తిలా నెమ్మదిగా కాలి, మీట నొక్కడానికీ పేలుడుకీ మధ్య ఆలస్యం అవుతుంది. పాన్‌కి బాగా మెత్తటి రకమైన 4ఎఫ్, గొట్టానికి కాస్త ముతకైన 3ఎఫ్, రెండూ అసలైన బ్లాక్ పౌడరే వాడండి. దానికి బదులుగా అమ్మే పైరోడెక్స్ లాంటివి అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, ఫ్లింట్‌లాక్‌లో నమ్మలేం.

ఇదంతా ఎందుకంటే, ఇక్కడ కొనేవాళ్లలో ఎక్కువమంది వేటగాళ్లు. 1974 నుంచి ఈ రాష్ట్రంలో క్రిస్మస్ తర్వాత ఫ్లింట్‌లాక్ తుపాకులకు ప్రత్యేకంగా జింకల వేట సీజన్ ఉంది. ఆ చలిలో, మంచులో పేలుతుందా అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న.

అలంకారం విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. మొదటి రైఫిల్ 300 డాలర్లకు కొని, 280 పెట్టి ఇత్తడి నక్షత్రాలు, మా అమ్మాయి పేరులో మొదటి అక్షరం చెక్కించాను. 14 నెలలు అమ్ముడుపోలేదు, చివరికి 400కి ఇచ్చేశాను. తీసుకున్నాయన నెమ్మదిగా వివరించాడు. అలాంటి పొదుగుడు పని ఈ లాంకాస్టర్ ప్రాంతంలో జాకబ్ డికర్ట్ లాంటి తుపాకుల పనివాళ్ల కాలంలో వర్ధిల్లిన పొడవాటి రైఫిళ్ల సంప్రదాయానిది. గీతలున్న మేపుల్ కర్ర, సన్నటి ఒంపులు, వాటికి తగ్గ ఇత్తడి పని. సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు చేసినవి పొట్టిగా, బరువుగా, ఎక్కువగా సాదా ఇనుప బిగింపులతో ఉండేవి. ఒకదాని నగలు ఇంకోదానికి పెడితే తెలిసినవాళ్ల కంటికి నచ్చదు.

కర్ర మీది మందపాటి వార్నిష్ తీసి ఉడికించిన లిన్సీడ్ నూనె పలుచగా పూతలు పూతలుగా పట్టించడం, గొట్టానికి గోధుమరంగు తుప్పు పూత ఎక్కించడం మాత్రం తప్పక చేయండి, తక్కువ ఖర్చుతో రూపం మారిపోతుంది. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. మా గ్యారేజీ బకెట్‌లో ఒకటి చేయి పెట్టలేనంత వేడెక్కింది. బయట పరిచి ఆరబెట్టండి.

అమ్మేటప్పుడు ఏ భాగం కొత్తదో, ఏది పాతదో రాసివ్వండి. గొట్టం మీది తయారీ గుర్తులు చెరపకండి, పాతదిగా కనిపించేలా మరకలు పెట్టకండి. 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి ఫ్లింట్‌లాక్ నకళ్లు పురాతన ఆయుధాల కిందికి వస్తాయి, మామూలు తుపాకుల ఫారాలు అక్కర్లేదు. రాష్ట్రాల చట్టాలు వేరు, పక్కనే న్యూజెర్సీలో గుర్తింపు కార్డు కావాలి. వేరే రాష్ట్రంవాళ్లు అడిగితే ముందు అక్కడి చట్టం చూసుకోండి. మందును పోస్టులో పంపకూడదు. ఇండియాలో ఇది చదువుతున్నవాళ్లు ప్రయత్నించకండి, అక్కడ ఆయుధాల చట్టం కింద నాటు తుపాకికైనా లైసెన్సు ఉండాలి.

నా మూడో రైఫిల్‌ని ప్రకటనలో పెట్టేముందు రేంజ్‌లో 20 సార్లు కాల్చాను, 19 సార్లు పేలింది. ఆ లెక్కే రాశాను, నాలుగు రోజుల్లో పోయింది. మీ ఫ్రిజెన్ ముఖం, రాయి అంచు కనబడేలా ఫొటో పెట్టండి, రాయి ఎక్కడ తగులుతోందో చూసి చెబుతాను.