ఈ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టనా?

ప్రశ్న: ఒక మాల్‌లో అప్పుడే తుడిచిన నేల మీద జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. తడి నేల అని చెప్పే పసుపు బోర్డు నేను పడ్డాకే తెచ్చి పెట్టారు. ఆస్పత్రి బిల్లు మేనేజర్ గారే కట్టారు కానీ, ఇప్పుడు ఇంకొంత డబ్బిస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. ఇంట్లోవాళ్లేమో ఫోన్ చూస్తూ నడిచింది నువ్వే కదా, ఇచ్చింది తీసుకో అంటున్నారు. పైగా నా ఎముకలు ముందే గుల్లబారాయని రిపోర్టులో ఉంది. నాకు అడిగే హక్కు ఉన్నట్టా, లేనట్టా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉందండీ. ముందు ఆ సంతకం సంగతి ఆపండి. అలాంటి కాగితాల్లో "ఇకపై ఏ క్లెయిమూ చేయను" అనే వాక్యం ఏదో ఒక మూల ఉంటుంది, దాని కోసమే ఈ తొందరంతా. మణికట్టు ఏ మేరకు కోలుకుందో కట్టు విప్పిన రోజే తేలదు, ఫిజియోథెరపీ అయ్యాక గానీ పిడికిలి పూర్తిగా బిగుస్తుందో లేదో, నీళ్ల బకెట్ ఎత్తగలరో లేదో తెలియదు. ఈలోగా సంతకం పెట్టేసి, తర్వాత ఆపరేషన్ అవసరమైతే ఆ ఖర్చు మీ నెత్తినే పడొచ్చు. బిల్లు కట్టారు కదా అని మొహమాటపడకండి.

ఫోన్ విషయానికొస్తే, మీ తప్పు కొంత ఉన్నంత మాత్రాన పరిహారం మొత్తం పోదు, మీ వాటా మేరకు కోత పడుతుంది. 1945 చట్టం వచ్చేదాకా ఇంగ్లండ్‌లో బాధితుడి తప్పు కూడా కలిస్తే సాధారణంగా ఏమీ దక్కేది కాదు. అమెరికాలో అలబామా, మేరీలాండ్, నార్త్ కరోలినా, వర్జీనియాల్లో ఇప్పటికీ దాదాపు ఆ పాత పద్ధతే. భారత్‌లో కోర్టులు వాటా లెక్కే చూస్తాయి. అడిగితే అబద్ధం చెప్పకండి, అలాగని మేనేజర్ గారికి వాట్సాప్‌లో మర్యాదకి కూడా "నాదే తప్పులెండి" అని రాయకండి.

గుల్లబారిన ఎముకల గురించి అంత టెన్షన్ వద్దు. లాయర్లు దీన్ని ఎగ్‌షెల్ స్కల్ రూల్ అంటారు: దెబ్బ తగిలిన మనిషి ముందే బలహీనంగా ఉన్నా, ఆ దెబ్బ వల్ల జరిగిన నష్టానికి బాధ్యత తప్పదు. కాకపోతే "ఆ చెయ్యి ఎలాగూ విరిగేదే" అని అవతలివాళ్లు వాదిస్తారు. అందుకే పడకముందు ఆ చేత్తో అన్ని పనులూ చేసుకునేవారని మీ డాక్టర్ చేత రాయించి ఉంచుకోండి.

అన్నిటికన్నా అర్జెంటు సీసీటీవీ. పాత రికార్డింగ్ మీద కొత్తది దానంతటదే ఎక్కేస్తుంది, కాబట్టి ఆ రోజు ఫుటేజ్ చెరిపేయకుండా భద్రపరచమని ఈరోజే ఈమెయిల్ పెట్టండి. బోర్డు ఎప్పుడొచ్చిందో అందులోనే ఉంటుంది, మీ కేసులో అసలు ప్రాణం అదే. ఆ రోజు వేసుకున్న చెప్పులు పారేయకండి (అరిగిపోయిన చెప్పులని వాళ్లు అనకముందే ఫొటో తీసిపెట్టండి). సెలవుల వల్ల పోయిన జీతం, ఆటో ఖర్చులు, ఇంటి పనికి పెట్టుకున్న మనిషికిచ్చిన డబ్బు కూడా రాసుకోండి. నొప్పికి, ఇబ్బందికి విడిగా అడగొచ్చు.

కేసు వేసే గడువు దేశాన్ని బట్టి, కేసు రకాన్ని బట్టి మారుతుంది. ఇలాంటి గాయాలకు ఇంగ్లండ్‌లో మామూలుగా 3 ఏళ్లు. భారత్‌లో వినియోగదారుల కమిషన్‌కి 2 ఏళ్లు, అదే రోడ్డు ప్రమాదమైతే పరిహారం తేల్చే ట్రైబ్యునల్‌కి వెళ్లడానికి చట్టం ఇచ్చింది 6 నెలలే. మాల్‌వాళ్లతో మాటలు నడుస్తున్నాయని గడువు ఆగదు. కేసు వేయాలా వద్దా అన్నది తర్వాత చూసుకోవచ్చు, మీకు వర్తించే ఆఖరి తేదీ ఏదో మాత్రం ఈ వారంలోనే లాయర్‌ని అడిగి రాసిపెట్టుకోండి.