సోమవారం దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

మోడ్‌ల మీద, అంటే 1960ల బ్రిటన్‌లో సూట్లు, స్కూటర్లు, పాటలే లోకంగా బతికిన ఆ కుర్రకారు మీద, నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇష్టపడి రాశావని తెలుస్తూనే ఉంది, కానీ మొదటి పేజీ నిండా వస్తువుల పేర్లే. ఇటాలియన్ సూటు, పార్కా అనే పొడవాటి టోపీ కోటు, లాంబ్రెట్టా స్కూటరు, దాని నిండా అద్దాలు. అవన్నీ నిజమే. అయితే స్కూటర్ మీద వెళ్లేటప్పుడు సూటు పాడవకూడదనే పైన ఆ అమెరికన్ సైన్యపు పాత పార్కా వేసుకునేవాళ్లని ఒక్క మాట రాసి ఉంటే, ఆ కుర్రాడు నాకు కనిపించేవాడు. సూటు వెనక జీతం ఉంది, స్కూటర్ వెనక నెలనెలా వాయిదా ఉంది. అది రాయి.

పాటల దగ్గర కూడా ది హూ అనే రాక్ బ్యాండ్ ఒక్కటే పట్టుకుని కూర్చోకు. ఆ పిల్లలకి మోడ్‌లన్న పేరే మోడర్న్ జాజ్ నుంచి వచ్చింది. తర్వాత వాళ్లు రాత్రంతా డాన్స్ చేసింది అమెరికన్ నల్లజాతి సోల్ సంగీతానికీ స్కా అనే జమైకా సంగీతానికీ.

1964లో సముద్రతీర ఊళ్లలో మోడ్‌లకీ, రాకర్లనే మోటార్‌సైకిల్ కుర్రాళ్లకీ జరిగిన గొడవల గురించి నువ్వు పేపర్లు రాసినట్టే రాసేశావు. అక్కడ ఆగి చూడు. అలాంటి ఊరే అయిన మార్గేట్‌లో, కోర్టులో 75 పౌండ్ల జరిమానా పడ్డ ఒక కుర్రాడు చెక్కు రాసిస్తానన్నాడు. మోడ్‌ల దగ్గర డబ్బు మూలుగుతోందని పేపర్లు చెప్పడానికి అదొక సాక్ష్యమైంది. నిజానికి అతనికి బ్యాంకు ఖాతాయే లేదని సామాజిక శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ 1972లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. ఆ కుర్రాడు ఆ ఒక్క నిమిషం ఎవరిలా కనిపించాలనుకున్నాడో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మోడ్‌ల మీద 1979లో వచ్చిన 'క్వాడ్రఫీనియా' సినిమాలో, కోర్టులో చెక్కు రాసిస్తానన్న ఆ మాట ఏస్ ఫేస్ అనే పాత్రకి వచ్చింది. గాయకుడు స్టింగ్ వేసిన ఆ పాత్ర, గొడవలు జరిగిన బ్రైటన్ ఊళ్లో మోడ్‌లందరికీ హీరో. తర్వాత కథానాయకుడు జిమ్మీ అతన్ని చూసేది ఎక్కడ? పెద్ద హోటల్ ముందు, యూనిఫాం వేసుకుని, ఎవరివో సూట్‌కేసులు మోస్తూ. నువ్వు ఈ సీన్‌ని ఒక్క వాక్యంలో దాటేశావు! నన్నడిగితే సినిమా మొత్తం అక్కడే ఉంది, ఎందుకంటే జిమ్మీ కూడా యాడ్ కంపెనీలో ఉత్తరాలు పంచే కుర్రాడే, ఆ ఉద్యోగం అప్పటికే విసిరికొట్టి వచ్చాడు, సోమవారం పనిలోకి పోవడమన్నది లేని మనిషి ఒక్కడైనా ఉన్నాడని నమ్మి బ్రైటన్‌కి తిరిగి వచ్చాడు.

ఇంకొకటి. చివర్లో జిమ్మీ చనిపోయాడని రాశావు. కొండ అంచు నుంచి కింద పడి ముక్కలయ్యేది స్కూటర్. సినిమా మొట్టమొదటి షాట్ మళ్లీ చూడు, అది ఆ తర్వాతిదే, జిమ్మీ సముద్రానికి వీపు తిప్పి మనవైపే నడిచి వస్తుంటాడు.

ఆ ఉత్తరాల గది దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. చదవడానికి ఎదురుచూస్తుంటాను.

నీ అన్నయ్య